కరెంటు వచ్చేదాకా

"అమ్మా, తమ్ముడు తంతలేడు" అన్నది మొదట మైసమ్మే.

ఆ పిల్లకు అయిదేళ్లు. మధ్యాహ్నం పూట తల్లి కాస్త నడుం వాలిస్తే చాలు, వచ్చి పొట్టకు చెంప ఆనించి పడుకునేది. లోపలి నుంచి తన్ను తగిలితే కిలకిలా నవ్వి, తిరిగి తన వేలితో పొడిచేది. ఆ రోజు ఎంతసేపు పడుకున్నా ఏమీ తగల్లేదు. లేచి కూర్చుని, ఆడుకోవడానికి రాని దోస్తు మీద అలిగినట్టు ఆ మాట అంది.

 తల్లి జానమ్మకు ముందురోజు నుంచే తెలుస్తూ ఉంది. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలితే పొట్ట కూడా ఆ పక్కకు జారి, అక్కడే ఉండిపోతోంది. అంతకుముందు అట్లా ఉండేది కాదు. కానీ తెలిసిన సంగతిని ఆమె తనకు తాను చెప్పుకోలేదు. బియ్యం చెరిగింది, దొడ్డి ఊడ్చింది, మేకపిల్లలకు కుడితి పోసింది.

అది తొంభై ఎనిమిది, ఎండలు నిప్పులు కురిపించిన ఏడాది. దేవరకొండకు ఆమడ దూరంలో ఉన్న ఆ గూడెంలో జానమ్మ, కూతురు, అత్త గుర్వమ్మ ముగ్గురే ఇంట్లో ఉన్నారు. భర్త గోపయ్య యాసంగి కోతలు కాగానే గొర్లను సాగర్ కాలువ కింది ఊళ్లకు తోలుకుపోయాడు. ఇక్కడ గడ్డిపోచ లేదు. అక్కడ వరి కొయ్యకాళ్లుంటాయి, కాలువలో నీళ్లుంటాయి. ఎరువు కోసం రైతులు పిలిచి మరీ తమ మడుల్లో మంద పెట్టించుకుంటారు. తొలకరి పడ్డాక గానీ తిరిగి రాడు.

మనవరాలి మాట గుర్వమ్మ చెవిన పడింది. వచ్చి కోడలి పొట్ట మీద చెయ్యి వేసింది. అటు అదిమింది, ఇటు అదిమింది. ఆముదం రాసింది. బెల్లం నీళ్లు తాగించి, ఎడమ పక్కకు తిరిగి పడుకోమంది.

"ఎండలకు గొర్లే లేస్తలేవు, పొట్టల పిల్ల ఏం లేస్తది? నిద్రపోతున్నడు" అంది.

పొద్దు గుంకింది. మళ్లీ తెల్లవారింది. గుర్వమ్మ మళ్లీ చెయ్యి వేసి చూసింది. ఈసారి నిద్ర మాట ఎత్తలేదు. "పోదాం పా, దేవరకొండకు" అంది.

దేవరకొండలో డాక్టర్ మంజులత నర్సింగ్ హోం గోడ మీద పెద్ద పెద్ద ఎర్రటి అక్షరాలతో 'కంప్యూటర్ స్కానింగ్ కలదు' అని రాయించి ఏడాది కూడా కాలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని టీవీ దవాఖాన అనేవాళ్లు. కడుపునొప్పితో పోయినవాడు తన మూత్రపిండంలో రాయిని తన కళ్లతో చూసి వచ్చి, సినిమా కథ చెప్పినట్టు రచ్చ మీద చెప్పేవాడు. కాన్పుకు ముందే బిడ్డను చూసి వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. గుర్వమ్మకు ఆ మాటలు నచ్చేవి కావు. కడుపులో ఉన్నది కడుపులోనే ఉండాలె, బయటికొచ్చినంక సూడరాదా, అంత తొందరేంది అనేది. అలాంటి ఆమే ఇప్పుడు తన నోటితో పోదాం అనేసరికి, జానమ్మ ఇంకేమీ అడగలేదు. మైసమ్మను పక్కింట్లో అప్పజెప్పి బస్సెక్కారు.

నర్సింగ్ హోంలో ఆయా గులాబ్‌బీ చెప్పులు బయట విడవమని, జానమ్మ ఒక్కదాన్నే లోపలికి రమ్మంది. గుర్వమ్మ వినలేదు. "నా కోడలు. నేనూ వస్త" అని తోసుకుని వచ్చేసింది.

ఆ గది చీకటిగా, చల్లగా ఉంది. బయట వార్డులో పంకాలు కూడా సరిగ్గా తిరగడం లేదు, ఇక్కడ మాత్రం చలిమిషన్ నడుస్తోంది. అది మనుషుల కోసం కాదు. మిషన్ వేడెక్కితే పాడవుతుందని గులాబ్‌బీ చెప్పింది. జానమ్మను బల్ల మీద పడుకోబెట్టి, "చల్లగుంటది బిడ్డా, ఉలిక్కిపడకు" అంటూ పొట్ట మీద గంజి లాంటి మందు పూసింది.

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. ఆమెది గుంటూరు వైపు. మెత్తగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. చేతిలోని పరికరాన్ని జానమ్మ పొట్ట మీద జరుపుతూ పక్కనున్న తెరను చూసింది. తెర మీద వాన పడుతున్నట్టు నలుపూ తెలుపూ కదిలాయి. ఆ వానలోంచి ఒక గుండ్రటి తల తేలింది. తరువాత వెన్నెముక, కుట్టుమిషన్ మీద వేసిన కుట్టులాగా వరసగా.

"గదేందమ్మా, గిట్ల పూసలున్నట్టున్నది?" అని గుర్వమ్మ ముందుకు వంగింది.

"బిడ్డ వీపు, అమ్మా."

గుర్వమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. డాక్టరమ్మ చెయ్యి వీపు దాటి ఇంకో చోటికి వచ్చింది. అక్కడ ఆగింది. కొంచెం పక్కకు జరిపింది, మళ్లీ అక్కడికే వచ్చి అదిమింది. జానమ్మ తెరను చూడటం మానేసి ఆమె మొహాన్ని చూసింది.

అప్పుడే టప్పుమని కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది. చలిమిషన్ మూలిగి ఆగింది. చీకట్లో డాక్టరమ్మ చెయ్యి ఇంకా జానమ్మ పొట్ట మీదే ఉంది. గులాబ్‌బీ వెళ్లి కిటికీ పరదా లాగింది. ఎండ లోపలికి పడింది.

"జనరేటర్ రిపేరుకు పోయింది. కరెంటు వచ్చాక మళ్లీ చూద్దాం. బయట కూర్చోండి" అంది డాక్టరమ్మ.  అడిగితే ఇంకేమన్నా చెప్పేదేమో గానీ, జానమ్మ అడగలేదు.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పొట్ట మీద పూసిన మందు చీర కింద ఆరిపోయి చర్మాన్ని పట్టి లాగుతోంది. ఇళ్ల కప్పులకు పైన కొండ మీది కోటగోడ ఎండలో తెల్లగా కనిపిస్తోంది. గుర్వమ్మ మాత్రం నోరు ఆపలేదు. డాక్టరమ్మ మొహం ఆమె కూడా చూసింది మరి.

"మిషన్ కే బాగలేదు. కరెంటు డిమ్మైతే గంతే. మొన్న సర్పంచోల్లింట్ల టీవీ సూస్తుంటే గీతలొచ్చి బొమ్మ పోలే? బొమ్మ పోతే అండ్లున్నోల్లు సచ్చిన్రా? కరెంట్ రాని, మంచిగ కనిపిస్తడు."

పక్కన కూర్చున్న వాళ్లు అవునన్నట్టు తలలూపారు. గుర్వమ్మ కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుని ఎల్లమ్మతల్లికి మేకపోతు మొక్కుకుంది. ఇల్లు అలికి బోనం చేస్తానంది.

జానమ్మ వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఎదురు టైలర్ దుకాణం మీద బల్బు ఆరి ఉంది. ఆ బల్బు వెలిగితే తాను లేచి లోపలికి పోవాలి. అది వెలగకుండా ఉంటే పోనక్కరలేదు. కరెంటు ఇట్లానే పొద్దుందాకా రాకుంటే, రేపు కూడా రాకుంటే, తాను ఈ బల్ల మీద ఎనిమిదో నెల గర్భిణిగానే కూర్చుని ఉండవచ్చు. ఆ ఆలోచన వచ్చి, కాసేపు ఉండి, పోయింది. దాని తరువాత ఇంకే ఆలోచనా రాలేదు. ఈగ ఒకటి చేతి మీద వాలితే తోలాలని కూడా అనిపించలేదు.

బల్బు వెలిగింది. "వచ్చింది, వచ్చింది" అని వీధిలో ఎవరో అరిచారు. ఎక్కడో సగంలో ఆగిన రేడియో పాట మళ్లీ మొదలైంది.

ఈసారి డాక్టరమ్మ తొందరపడలేదు. చాలాసేపు చూసింది. ఆ తరువాత తెరను జానమ్మ వైపుకు తిప్పింది.

"ఇదిగో అమ్మా, ఇక్కడ గుండె. ఇది కొట్టుకుంటూ ఉండాలి. కొట్టుకోవడం లేదు."

"ఇంకోపారి సూడు బిడ్డా" అంది గుర్వమ్మ. "కరెంట్ సక్కగ వస్తలేదేమో."

"కరెంటు బాగానే ఉందమ్మా. మళ్లీ మళ్లీ చూశాను."

జానమ్మ తెరను చూసింది. బిడ్డ పక్కకు తిరిగి ఉన్నాడు. నుదురు, ముక్కు, పెదవి గీసినట్టు తేటగా కనిపిస్తున్నాయి. పిడికిలి చెంప కింద పెట్టుకున్నాడు. ముక్కు గోపయ్యదే, మొదలు దగ్గర కొంచెం లేచి ఉంటుంది. మైసమ్మను చూడటానికి ఆమె తొమ్మిది నెలలూ ఆగింది. వీణ్ని ముందే చూస్తోంది. ఏడుపు వస్తుందేమోనని ఆగి చూసింది. రాలేదు.

"కాళ్లు సూపిస్తరా?" అని అడిగింది.

డాక్టరమ్మ ఆమె వంక ఒకసారి చూసి, పరికరం కిందికి జరిపింది. మడిచిన మోకాలు, చిన్న పాదం కనిపించాయి. "చాలు" అంది జానమ్మ.

గులాబ్‌బీ తడిగుడ్డతో ఆమె పొట్ట తుడిచింది. తుడిచినంతసేపూ "యా అల్లా" అని నోట్లోనే అనుకుంటూ ఉంది.

జానమ్మకు బీపీ బాగా ఎక్కువగా ఉందని, నొప్పులు వాటంతటవి వచ్చేదాకా ఆగితే తల్లికి కూడా ముప్పని డాక్టరమ్మ చెప్పింది. రక్తం అవసరం పడితే ఇక్కడ దొరకదు కాబట్టి ఇప్పుడే నల్లగొండ పెద్ద దవాఖానకు పోవాలంది. గుర్వమ్మ అన్నింటికీ ఊ కొట్టింది గానీ, బయటికి రాగానే అంది: "నల్లగొండల రంగుల మిషన్ ఉన్నదట. ఆడ సూపిద్దాం. గప్పుడు నమ్ముత."

బస్టాండు పక్కన నూరుద్దీన్ ఎస్టీడీ బూత్ ఉంది. గోపయ్య మంద పెట్టిన ఊరి దగ్గర హాలియాలో ఒక ఎరువుల దుకాణం ఉంది, ఆ నంబరు చీటీ మీద రాసి జానమ్మకు ఇచ్చి పోయాడు. అది ఆమె కొంగు ముడిలోనే ఉంది. ఫోన్లో మాట్లాడటం గుర్వమ్మకు రాదు. జానమ్మే గాజు డబ్బాలోకి పోయి నిలబడింది. నూరుద్దీన్ నంబరు కలిపి ఇచ్చాడు.

"హలో. నేను గోపయ్య ఇంటిదాన్ని. గొర్ల గోపయ్య. జర ఆయనకు చెప్పున్రి. బిడ్డ సచ్చిపోయిండని."

"అయ్యయ్యో. ఎప్పుడు పుట్టిండమ్మా?" అన్నాడు అవతలి మనిషి.

"ఇంక పుట్టలే."

"పుట్టలేదా?" అవతల గరగర శబ్దం వచ్చింది. "మరి సచ్చిండని ఎట్ల తెలిసె?"

"టీవీల సూసిన్రు."

"మరి గట్లనే చెప్పన్నా తల్లీ?"

"గట్లనే చెప్పున్రి. నల్లగొండ పెద్ద దవాఖానకు రమ్మనున్రి."

నూరుద్దీన్ అంతా విన్నాడు. ఆమె డబ్బుల కోసం కొంగు ముడి విప్పబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, పక్క దుకాణం నుంచి సోడా తెప్పించాడు. జానమ్మ తాగింది. చల్లగా ఉందని తెలిసింది, అంతే.

నల్లగొండ బస్సు కిక్కిరిసి ఉంది. నిండు పొట్ట చూసి ఒకాయన లేచి జాగా ఇచ్చాడు. పక్క సీటులో మల్లేపల్లి పోయే ఆవిడ జరిగి కూర్చుని, "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది.

"ఎనిమిది."

"పైలం తల్లీ. గతుకుల రోడ్డు. పొట్ట ముందలికి ఉన్నది, కొడుకే అయితడు సూడు."

జానమ్మ తలూపింది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆవిడ చెయ్యి చాచి ఆమె పొట్టకు అడ్డం పెట్టింది. తన కూతురికి కూడా ఎండాకాలంలోనే కాన్పైందని, పుట్టినోడు బంగారుబొమ్మ లెక్క ఉన్నాడని చెప్పింది. జానమ్మ "అట్లనా" అంది. ఎవరో చెబుతున్న ఇంకెవరి సంగతో వింటున్నట్టు వింది. నిలబడి కడ్డీ పట్టుకున్న గుర్వమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి బీడుచేల వైపు చూస్తూ ఉంది.

నల్లగొండ దవాఖానలో కాన్పు వార్డులో చేర్చుకునే ముందు మళ్లీ స్కానింగ్ చేశారు. గుర్వమ్మ అడిగిందని కాదు, వాళ్ల పద్ధతి ప్రకారమే చేశారు. అక్కడి మిషన్ పెద్దది, నిజంగానే రంగులదే. కుర్ర డాక్టరు ఒక మీట నొక్కితే తెర మీద ఎరుపూ నీలమూ పుట్టుకొచ్చాయి.

"రక్తం నడుస్తున్న చోట ఇట్లా రంగు వస్తుంది" అని అతను గుర్వమ్మకు ఓపికగా చూపించాడు. "ఇది తల్లి రక్తం. చూశారా, ఎట్లా పోతున్నదో? ఇక ఇది బిడ్డ."

తల్లి ఉన్న చోటంతా ఎర్రగా, నీలంగా మినుకుమినుకుమంటోంది. మధ్యలో బిడ్డ బూడిదరంగులో ఉన్నాడు. ఎక్కడా ఒక్క చుక్క లేదు. దాన్ని అర్థం చేసుకోవడానికి చదువు అక్కరలేదు. గుర్వమ్మ ఇంకోపారి చూడమని అడగలేదు. కోడలి కాళ్ల దగ్గర నిలబడి ఆమె అరికాలు పట్టుకుంది.

మరునాడు సెలైన్‌లో మందు ఎక్కించారు. నొప్పులు నింపాదిగా మొదలయ్యాయి. ఎండ ఏటవాలుగా పడే వేళకు గోపయ్య వచ్చాడు. భుజాన గొంగడి అట్లానే ఉంది. మందను పాలివాడు ఐలేశానికి అప్పజెప్పి, దొరికిన లారీ ఎక్కి వచ్చాడు. మంచం పక్కన నిలబడి భార్య పొట్టను చూశాడు. ఫోను కబురు విన్నప్పటి నుంచి అతనికి ఒకటి అంతుపట్టలేదు.

"ఇంక లోపల్నే ఉన్నడా?"

"ఉన్నడు."

గోపయ్య నేల మీద కూర్చున్నాడు. అతని చేతుల్లో ఎన్నో గొర్లు ఈనాయి. చచ్చిన పిల్లను ఈనినవి కూడా ఉన్నాయి. కానీ అక్కడ ఈత ముందు, చావు తరువాత తెలుస్తుంది. ఈ వరసకు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఇంకా పుట్టని కొడుకు కోసం ఏడవాలా, పుట్టేదాకా ఆగాలా?

"నువ్వు సూసినవా?" అన్నాడు.

"సూసిన."

"ఎట్లున్నడు?"

"నీ ముక్కే."

గోపయ్య తల వంచుకున్నాడు. అతని భుజాలు కదలడం జానమ్మ మంచం మీద నుంచి చూసింది. చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది. జుట్టు నిండా దుమ్ము, గొర్ల వాసన. ఏడుస్తున్న మనిషిని ఊరడించాలి కాబట్టి పెట్టింది. ఆ చెయ్యి తనదే అయినా, దూరం నుంచి వచ్చినట్టుంది. అంతలో ఇంకో నొప్పి వచ్చింది.

మగబిడ్డ. నర్సులు తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. జానమ్మ మొహం చూసింది. తెర మీద చూసిందే. పాదం కూడా తీసి చూసి, మళ్లీ గుడ్డ కప్పి భర్తకు ఇచ్చింది.

వార్డు డాక్టరమ్మ వచ్చి గుర్వమ్మనూ గోపయ్యనూ దగ్గరికి పిలిచింది. బొడ్డుపేగు చూపించింది. దాని మధ్యలో ఒక ముడి పడి ఉంది. బిడ్డ లోపల తిరిగేటప్పుడు ఒక్కోసారి ఇట్లా పడుతుందని, అది బిగుసుకుంటే లోపలికి రక్తం పోదని చెప్పింది. "ఇందులో తల్లి తప్పు ఏమీ లేదు. ఎవరి తప్పూ కాదు. స్కానింగ్‌లో తెలిసి వెంటనే వచ్చారు కాబట్టి ఈమెకైనా ముప్పు తప్పింది. బీపీ అంత ఉంది."

గుర్వమ్మ ఆ ముడి వంక చూస్తూ నిలబడిపోయింది. గోపయ్య బిడ్డను తీసుకుని పూడ్చిపెట్టడానికి బయటికి వెళ్లాడు. డాక్టరమ్మ పక్క మంచానికి పోబోతుంటే గుర్వమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఒక్క మాట. గీ మిషన్ల ఎన్కటియి గూడ కనిపిస్తయా?"

"ఎనకటివి అంటే?"

"గోపయ్య కంటె ముందు నాకొకడు గిట్లనే పోయిండు. ముప్పై ఏండ్లు దాటె. వానికీ గిట్లనే ముడి పడ్డదా, ఇంకేమన్ననా? సూస్తే తెలుస్తదా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా. అది తెలియదు" అంది.

"తెల్వదా" అంది గుర్వమ్మ. చెయ్యి వదిలేసింది.

ఆమె వచ్చి కోడలి మంచం అంచున కూర్చుంది. జానమ్మ ఆ ఇంటికి వచ్చి ఏడేళ్లయినా ఆ సంగతి ఎప్పుడూ వినలేదు.

"గాన్ని కడుపుల పెట్టుకొనే కలుపు తీసిన" అంది గుర్వమ్మ, ఎవరితోనూ కాదన్నట్టుగా. "సచ్చిండని తెల్వదు. జరమొచ్చి వొళ్లు కాలిపోయింది, గప్పుడు పుట్టిండు. గ్రహణం నాడు కత్తి పట్టినవు, నువ్వే మింగినవు అన్నది మా అత్త. ఆమె సచ్చేదాంక అన్నది. నేను గూడ గదే నమ్మిన. నిజంగనే ఆనాడు ఉల్లిగడ్డ కోసిన మరి."

జానమ్మ వింది. అత్త కళ్లలోంచి నీళ్లు కారి గదవ మీద ఆగుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు. జానమ్మ తన కొంగుతో తుడిచింది. 

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. మిషన్‌కు తెలిసిన సంగతి ఒంటికి ఇంకా తెలియలేదు. రవిక తడిసి, చలిజ్వరం వచ్చింది. పాలు ఇంకాలని గుర్వమ్మ మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. మైసమ్మ తమ్ముడేడని అడిగితే, రాలేదని జానమ్మ చెప్పింది. ఎందుకు రాలేదని పిల్ల మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం పూట పక్కన పడుకోవడం కూడా మానేసింది.

పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లందరూ ఏదో ఒక పూట ఆ మాటే ఎత్తేవాళ్లు. టీవీలో ఎట్లా కనిపించాడు? కళ్లు తెరిచి ఉన్నాడా? జానమ్మ అందరికీ ఒకే తీరుగా, దారి అడిగినవాళ్లకు చెప్పినట్టు చెప్పేది. ఒకనాడు ఒకావిడ, గ్రహణం నాడు గానీ బయట తిరిగినవా ఏందే అని కూడా అడిగింది. మూల కూర్చుని కందులు విసురుతున్న గుర్వమ్మ తిరగలి ఆపింది.

"పేగు ముడిపడ్డది. నా కండ్లతోని సూసిన. గ్రహణం లేదు, గాడిద గుడ్డు లేదు. లేచి పోండ్రి ఇంక" అంది.

ఆవిడ లేచి పోయింది. మళ్లీ తిరగలి చప్పుడు మొదలైంది.

ఒంట్లో కాస్త బలం చేరాక, మందకు తిరిగిపోతున్న గోపయ్యతో "నేనూ వస్త" అంది జానమ్మ. అతను వద్దనలేదు. గుర్వమ్మ ఇల్లు కనిపెట్టుకుని ఉంటానంది. మైసమ్మను చంకనెత్తుకుని, గిన్నెలు మూటగట్టుకుని కాలువ కింది ఊళ్లకు పోయారు.

అక్కడ పని తెగదు. ఒక మడిలో మంద పెట్టి, మరునాడు తడికెలు పీకి ఇంకో మడిలో పాతాలి. వండాలి, నీళ్లు మోయాలి, కుంటి గొర్రెకు పసుపు నూనె పెట్టాలి. జానమ్మ అన్నీ చేసింది. తింటే తింది, పడుకుంటే నిద్రపోయింది. మైసమ్మ కాలువ గట్టు మీద గొర్రెపిల్లల వెంట పరుగెత్తుతూ కేకలు వేస్తుంటే, పడతావు పైలం అని మందలించేది.

ఒక పొద్దున తడికె కట్లు విప్పుతూ గోపయ్య ఆమె వంక చూశాడు.

"నువ్వు ఏడుస్తలేవేమే?"

"వస్తలేదు."

గోపయ్య ఇంకో కట్టు విప్పాడు.

"వచ్చిననాడు ఏడుద్దువు తీ" అన్నాడు.

"ఊ" అంది జానమ్మ. తడికె రెండో కొస పట్టుకుంది. గోపయ్య ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. ఈ పూట మంద రైతు ఎల్లస్వామి మడిలో పెట్టాలని, కాలువ దాటి రెండో గట్టున ఉందని అతను చెబుతున్నాడు.